బ్లడ్ క్లామ్‌ని గుర్తుపట్టడం: మూడు వారాలు పట్టిన నా అనుభవం

ముందు నా కాలే తెగిందనుకున్నా. ఆటు సమయంలో నీళ్ళు బాగా వెనక్కి వెళ్ళాక, మడ చెట్ల అవతల బురద నేల మీద చెప్పుల్లేకుండా నడుస్తున్నా, పాదం కింద ఏదో పటుక్కుమంది, తీసి చూస్తే బురదలో ఎర్రగా చార. వెంటనే పక్కన గుంటలో ఉన్న నీళ్ళతో కాలు కడిగి అటూ ఇటూ తిప్పి చూసుకున్నా, ఎక్కడా గీత కూడా లేదు. మళ్ళీ వంగి చూస్తే ఆ ఎరుపు వస్తున్నది నేను తొక్కిన ఆల్చిప్పలోంచి. బతికున్న జీవిని తొక్కేశానని బాధేసింది, అదే టైములో ఆల్చిప్పకి మనలా ఎర్ర రక్తం ఏంటి అన్న ప్రశ్న బుర్రలో పడింది, అది ఇంక వదల్లేదు. దాన్ని అక్కడే వదిలేసి, చుట్టుపక్కల అదే రకంగా కనిపించిన ఖాళీ చిప్పలు ఏరుకున్నా. మొత్తం పదిహేను వచ్చాయి. బతికున్నవి ఇంకో మూడు నాలుగు కనిపించినా ముట్టుకోలేదు, పేరు తెలుసుకోడానికి ఖాళీ చిప్ప చాలు కదా.

ఇంటికొచ్చి మెత్తటి పాత టూత్‌బ్రష్‌తో మంచినీళ్ళలో కడిగా. ఇక్కడ ఒక మాట ముందే చెప్పాలి, చాలామంది చిప్పలు తెల్లగా మెరవాలని బ్లీచ్‌లో వేస్తారు, గుర్తుపట్టాలనుకుంటే మాత్రం దయచేసి ఆ పని చేయొద్దు. చిప్ప పైన పలచగా పసుపూ గోధుమరంగూ కలిసినట్టు ఒక పొర ఉంటుంది, పెరియోస్ట్రాకమ్ అంటారు, బ్లీచ్‌లో అది పోతుంది. అది ఎలా ఉంది, నున్నగా ఉందా నూగుగా ఉందా అన్నది కూడా ఒక ఆధారమే, చేజేతులా పోగొట్టుకున్నట్టవుతుంది. ఇంకోటి, ఏరిన రోజే తేదీ, ఎక్కడ దొరికింది, బురదా ఇసకా రాళ్ళా అన్నది చీటీ మీద రాసి చిప్పలతోనే పెట్టేయండి. నేను రాసింది ఒకటే లైను, "మడ చెట్ల దగ్గర, మెత్తటి బురద, నీళ్ళు పూర్తిగా తగ్గినప్పుడు" అని. తర్వాత అదే ఎంత పనికొచ్చిందో.

ఇప్పుడు అసలు పని. చిప్ప చూడ్డానికి ఎలా ఉందంటే, పిడికిలిలో పట్టేంత, బాగా ఉబ్బెత్తుగా, మందంగా, బరువుగా ఉంది. పై కొస నుంచి అంచు దాకా విసనకర్ర మడతల్లా లావుపాటి గట్లు, గట్టుకీ గట్టుకీ మధ్య దుక్కి చాలులాగా లోతైన చాళ్ళు. ఫొటో తీసి పేరు చెప్పే యాప్‌లో పెట్టా, మొదటి ఫొటోకి కాకిల్ అంది. నాకూ అదే కరెక్ట్ అనిపించింది, ఎందుకంటే కాకిల్ అంటేనే గట్లు గట్లుగా ఉండే చిప్ప, పైగా రెండు చిప్పలూ కలిపి పక్క నుంచి చూస్తే గుండె ఆకారం వస్తుందని, కాకిల్స్ శాస్త్రీయ నామాల్లో కనిపించే కార్డియమ్ అన్న పేరే గుండె అన్న గ్రీకు మాట నుంచి వచ్చిందని చదివా. నా దగ్గర రెండు చిప్పలూ విడిపోకుండా ఉన్న జత ఒకటే ఉంది, పక్కకి తిప్పితే అచ్చం గుండె ఆకారమే. దానికి తోడు ఎర్ర రక్తం గురించి వెతికితే "బ్లడ్ కాకిల్" అన్న పేరు దొరికింది. ఇంకేం కావాలి, పేరులోనే కాకిల్ ఉంది కదా అని పుస్తకంలో కాకిల్ పేజీలన్నీ తిరగేశా, రెండు రాత్రులు. ఒక్క బొమ్మా సరిపోలేదు. ఒకదానికి గట్ల మీద ముళ్ళు, ఇంకోటి మరీ పొడుగు, ఇంకోటి పలచన.

అప్పుడు కాలేజీలో మాకు జువాలజీ చెప్పిన మేడమ్‌కి వాట్సాప్‌లో ఫొటో పెట్టి, "నమస్తే మేడమ్, ఇది ఏ కాకిల్ అండీ" అని అడిగా. సాయంత్రం రిప్లై వచ్చింది, "కాకిల్ అని నువ్వెందుకు అనుకున్నావ్? లోపలి వైపు ఫొటో పంపు. పైన కాదు, కీలు దగ్గర చూపించు" అని. అంతే.

లోపలి వైపు చూడాలన్న ఆలోచన నాకు అప్పటిదాకా రానేలేదు. రెండు చిప్పలు కలిసే చోట, తలుపుకి బందు ఉన్నట్టు, వీటికి కీలు ఉంటుంది, ఆ కీలు లోపల చిన్న పళ్ళుంటాయి, ఒక చిప్ప పళ్ళు ఇంకో చిప్ప గుంటల్లో కూర్చుంటాయి, అందుకే మూసుకున్నప్పుడు చిప్పలు పక్కకి జారవు. నా చిప్పలో ఆ కీలు తిన్నగా, స్కేలు పెట్టి గీసినట్టు సరళరేఖలా ఉంది, దాని పొడవునా దువ్వెన పళ్ళలా బోలెడన్ని సన్నటి పళ్ళు వరసగా. మధ్యలో మరీ చిన్నవి, రెండు చివర్లకి పోయేకొద్దీ కాస్త పెద్దవి, కొంచెం వాలుగా. లెక్కపెట్టబోయి మధ్యలో ఆపేశా, అన్ని ఉన్నాయి. ఇన్ని రోజులూ ఇంత కొట్టొచ్చినట్టు కనిపించే గుర్తుని బోర్లా పెట్టి మరీ ఫొటోలు తీశా.

నేను ఏరిన పదిహేనులో అదృష్టం కొద్దీ ఒకటి నిజంగానే కాకిల్. అది పక్కన పెట్టుకుని చూస్తే తేడా చిన్నపిల్లలకి కూడా తెలుస్తుంది, దాని కీలు వంపుగా ఉంది, కొస కిందే రెండు చిన్న పళ్ళు, వాటికి దూరంగా అటొకటి ఇటొకటి పక్క పళ్ళు, అంతే. దువ్వెన లేదు. రెండిటికీ పైన గట్లే, గుండె ఆకారమే, లోపల చూస్తే ఒకదానికొకటి సంబంధమే లేదు. మేడమ్ ఫోన్ చేసి చెప్పారు, ఈ దువ్వెన పళ్ళవి ఆర్క్ క్లామ్స్ అనీ, ఆర్సిడే కుటుంబం అనీ, వంశం ప్రకారం చూస్తే ఇవి కాకిల్ కన్నా ఆయిస్టర్‌కీ మసెల్‌కీ దగ్గర చుట్టాలనీ. బ్లడ్ క్లామ్‌నే ఇంగ్లీషులో బ్లడ్ కాకిల్ అని కూడా అంటారు, అదీ ఆర్క్ క్లామే, గట్లు చూసి జనం అలవాటుగా అలా పిలిచేశారు, నేను ఆ పేరు పట్టుకుని తప్పు పేజీల్లో తిరిగా.

అప్పుడే ఇంకో రెండు గుర్తులు కూడా చూపించారు, ఇవి నాకు కీలు కన్నా ఎక్కువ నచ్చాయి, ఎందుకంటే చచ్చిన చిప్ప చూసి అది ఎలా బతికిందో చెప్పొచ్చు. చిప్ప లోపల రెండు పక్కలా రెండు మచ్చలుంటాయి, చిప్పని గట్టిగా మూసి ఉంచే కండరాలు అతుక్కున్న చోట్లు. ఆ రెండిటినీ కలుపుతూ అంచుకి కాస్త లోపలగా ఒక సన్నటి గీత ఉంటుంది, పాలియల్ లైన్ అంటారు, వెలుతురు ఏటవాలుగా పడేలా పట్టుకుంటే కనిపిస్తుంది, నేను ఫోన్ టార్చి పక్క నుంచి వేసి చూశా. వీనస్ క్లామ్ అనే ఇంకో రకం ఆల్చిప్పది నున్నటి చిప్ప ఒకటి ఇంట్లో ఎప్పటిదో ఉంటే దాంట్లో ఆ గీత ఒక వైపు సంచిలా లోపలికి మడత పడి ఉంది. ఆ మడత సైఫన్ గొట్టాలు లోపలికి లాక్కోడానికి ఉండే జాగా. బాగా లోతుకి దిగి బతికే ఆల్చిప్పలకి పైనుంచి నీళ్ళు పీల్చుకోడానికి పొడుగు గొట్టాలు కావాలి, కాబట్టి లోతైన మడత. నా ఆర్క్ క్లామ్‌లో ఆ మడత అసలు లేదు, గీత ఈ మచ్చ నుంచి ఆ మచ్చకి అలా వంపుగా వెళ్ళిపోయింది. అంటే దీనికి సైఫన్ గొట్టాలు లేవు, కాబట్టి లోతుకి దిగలేదు, బురద పైపొరలోనే ఉంటుంది. అందుకే కదా నా కాలికింద పడింది!

రెండోది, జతగా ఉన్న చిప్పల పై కొసలు ఒకదానికొకటి ఆనకుండా ఎడంగా ఉన్నాయి, వాటి మధ్య డైమండ్ ఆకారంలో చదునైన జాగా, దాని మీద నల్లటి లిగమెంట్, అంటే రెండు చిప్పల్నీ కలిపి ఉంచే పట్టీ, ఎండి అతుక్కుని ఉంది, గోకితే కింద బాణం గుర్తుల్లాంటి సన్నటి గాట్లు. ఇదీ ఆర్క్ క్లామ్స్ గుర్తే. కాకిల్‌కి లిగమెంట్ కొసకి వెనక పక్కన మాత్రమే ఉంటుంది.

ఇక ఎర్ర రక్తం సంగతి. నేను అదే పెద్ద రుజువు అనుకుని, "మేడమ్, ఆర్క్ క్లామ్, పైగా రక్తం ఎరుపు, అయితే బ్లడ్ క్లామే కదా, ఇంక తేలిపోయినట్టేగా" అన్నా. దానికి ఆవిడ చెప్పిన మాట నాకు ఎప్పటికీ గుర్తుంటుంది, "ఎర్ర రక్తం ఇంటిపేరు లాంటిది, దాంతో మనిషిని పట్టుకోలేవు" అన్నారు. చాలా ఆల్చిప్పల రక్తానికి రంగే ఉండదు, ఈ ఆర్క్ క్లామ్స్‌లో మాత్రం మనలాగే ఎర్ర కణాలు, వాటిలో హిమోగ్లోబిన్ ఉంటాయి. మెత్తటి బురదలో ఆక్సిజన్ తక్కువ, దొరికిన కాస్తనీ పట్టి ఉంచుకోడానికి అది పనికొస్తుంది. కానీ ఇది ఒక్క జాతికే పరిమితం కాదు, అనడారా అనే దగ్గరి బంధువుల్లోనూ ఎర్ర రక్తమే. కాబట్టి రక్తం, కీలు, గీత, డైమండ్ ఇవన్నీ కలిసి నన్ను ఇంటిదాకా తీసుకొచ్చాయి, ఇంట్లో ఎవరో తేల్చాల్సింది ఇంకా ఉంది.

అక్కడ్నుంచి గట్లు లెక్కపెట్టడం మొదలైంది. వినడానికి ఎంత తేలికో చేయడానికి అంత చిరాకు. ఒకే చిప్పని మూడుసార్లు లెక్కపెడితే 17, 19, 18 వచ్చాయి. ఎందుకంటే రెండు చివర్లా గట్లు సన్నబడిపోతాయి, దాన్ని గట్టు అనాలా వద్దా అని ఒకసారి అన్నా ఇంకోసారి అనలేదు, పైగా మధ్యలో వేలు జారితే మళ్ళీ మొదటికే. చివరికి ఒక పద్ధతి పెట్టుకున్నా, చిప్ప అంచు దగ్గర ప్రతి ఐదో గట్టు మీద పెన్సిల్ చుక్క, అది కూడా బయట ఒకసారి, లోపలి అంచు మీద ఒకసారి. లోపలి అంచులో బయటి గట్లకీ చాళ్ళకీ సరిపోయేలా పళ్ళు పళ్ళుగా నొక్కులుంటాయి, చిప్పలు మూసుకున్నప్పుడు అవి ఒకదాంట్లో ఒకటి కూర్చుంటాయి, అక్కడ లెక్కపెట్టడం బయట కన్నా సులువు. రెండు లెక్కలూ కలిస్తేనే నోట్‌బుక్‌లో రాశా, కలవకపోతే మళ్ళీ చేశా. అలా పద్నాలుగు చిప్పలకీ నాలుగు రాత్రులు పట్టింది.

లెక్క తేలాక చిప్పలు వాటంతటవే గుంపులుగా విడిపోయాయి. పది చిప్పలకి 17 నుంచి 19 దాకా గట్లు. మూడింటికి ముప్పై పైనే. ఒకదానికి 21. నేను ఏరినప్పుడు అన్నీ ఒకటే అనుకున్నానని మర్చిపోకండి, బురద పట్టి ఉంటే అన్నీ ఒకటేలా కనిపించాయి మరి.

బ్లడ్ క్లామ్ శాస్త్రీయ నామం టెజిల్లార్కా గ్రానోసా, దానికి గట్లు 15 నుంచి 20 మధ్య, ఎక్కువగా 18 దగ్గర ఉంటాయి. గట్లు లావుగా, దూరం దూరంగా ఉంటాయి. అనడారా యాంటిక్వాటాకైతే గట్లు నలభై దాకా పోతాయి, అనడారా ఇనీక్వివాల్విస్‌కి ముప్పై పైన, దానికి ఎడమ చిప్ప కుడి చిప్ప కన్నా కొంచెం పెద్దదై అంచు దాటి వస్తుంది, పేరుకి అర్థం కూడా చిప్పలు సమానం కానిది అనే. గ్రానోసాకి రెండు చిప్పలూ సమానం. నా జత అంచులు వేలితో తడిమి చూశా, ఎక్కడా గోరు తగల్లేదు, సరిగ్గా కలిశాయి.

గట్ల సంఖ్య తర్వాత చూడాల్సింది గట్ల మీద పూసలు. గ్రానోసా అన్న మాటకి గింజలు గింజలుగా ఉన్నది అని అర్థం, ప్రతి గట్టు మీదా దండ గుచ్చినట్టు చిన్న చిన్న బొడిపెలుంటాయి. ఇక్కడ నాకు మళ్ళీ అనుమానం వచ్చింది, పది చిప్పల్లో నాలుగింటికి పూసలే లేవు, గట్లు నున్నగా ఉన్నాయి. వేరే జాతేమో అని వాటిని విడిగా పెట్టా కూడా. తర్వాత భూతద్దంతో చూస్తే అర్థమైంది, అవి ఎన్నాళ్ళగానో అలల్లో దొర్లి అరిగిపోయిన చిప్పలు, పై కొస దగ్గర మరీ అరిగాయి, కింది అంచు దగ్గర చాలు పక్కన దాక్కున్నట్టు అక్కడక్కడా బొడిపెల మొదళ్ళు మిగిలున్నాయి. అరిగిన చిప్పని బట్టి లేదు అని రాసేయకూడదు, లేనిదానికీ పోయినదానికీ తేడా ఉంది, భూతద్దం లేకపోతే నేను ఆ నాలుగింటినీ తప్పు డబ్బాలో పెట్టేసేదాన్ని. వాటిలో రెండింటికి కొస దగ్గర గుండ్రటి చిల్లు కూడా ఉంది, బయట వెడల్పుగా లోపలికి పోయేకొద్దీ సన్నగా, గరాటులా. అది మూన్ స్నెయిల్ అనే నత్త తొలిచి తినేసిన గుర్తు. దండ గుచ్చుకోడానికి ఎవరో పెట్టినంత చక్కగా ఉంటుంది ఆ చిల్లు, చాలాసేపు చూస్తూ ఉండిపోయా.

పేర్ల దగ్గర కూడా ఒక రోజు పోయింది. పుస్తకంలో అనడారా గ్రానోసా అని ఉంది, ఇంకో పాత దాంట్లో ఆర్కా గ్రానోసా, యాప్‌లో టెజిల్లార్కా గ్రానోసా. మూడూ వేరే వేరే అనుకుని మూడు కాలమ్‌లు గీసి తేడాలు రాయబోయా, రాయడానికి తేడా ఒక్కటీ దొరకలేదు. అసలు సంగతి ఏంటంటే జీవులకి రెండు మాటల శాస్త్రీయ పేర్లు పెట్టే పద్ధతి తెచ్చిన లినేయస్ 1758లో దీనికి పెట్టిన పేరు ఆర్కా గ్రానోసా, ఆర్కా అంటే లాటిన్‌లో పెట్టె. అప్పట్లో ఇలాంటివన్నీ ఒకే ప్రజాతిలో ఉండేవి. తర్వాత గ్రే అనే శాస్త్రవేత్త 1847లో అనడారాని, ఐరడేల్ అనే ఇంకో శాస్త్రవేత్త 1939లో టెజిల్లార్కాని వేరే ప్రజాతులుగా వేరు చేశారు, జీవి మాత్రం అదే. శాస్త్రీయ నామం చివర్లో లినేయస్ పేరూ సంవత్సరమూ బ్రాకెట్లలో ఉంటే, ఆయన మొదట పెట్టిన ప్రజాతి నుంచి దాన్ని తర్వాత మార్చారని అర్థమట. నేనైతే ఆ బ్రాకెట్లు ఊరికే అలంకారానికి అనుకునేదాన్ని. మీరు వెతికేటప్పుడు రెండో మాట, అంటే గ్రానోసా, దాన్ని పట్టుకోండి, మొదటి మాట మారినా ఇది అలాగే ఉంది.

ఇక కొలతలు. నా జత పొడవు 46 మిల్లీమీటర్లు, ఎత్తు 37, రెండు చిప్పలూ మూసినప్పుడు మందం 33. గ్రానోసా ఎంత ఉబ్బుగా ఉంటుందో ఈ మందం చూస్తే తెలుస్తుంది, పొడవులో మూడింట రెండొంతులు దాటింది. కొలతలు ఎందుకు తీశానంటే ఆ 21 గట్ల చిప్ప కోసం. దగ్గరి చుట్టం ఇంకోటి ఉంది, టెజిల్లార్కా నోడిఫెరా, దానికీ గట్ల మీద బొడిపెలే, గట్లు ఇరవై అటూ ఇటూ, అంటే లెక్క దగ్గర రెండూ ఒకదానిమీద ఒకటి పడిపోతాయి, సంఖ్య ఒక్కటే చూస్తే మోసపోతాం. దాని చిప్ప గ్రానోసా అంత గుండ్రంగా ఉండదు, కాస్త సాగినట్టు పొడుగ్గా ఉంటుంది. నా 21 గట్ల చిప్ప పొడవు 41, ఎత్తు 29. మిగతా పదింటి పక్కన పెడితే సాగినట్టే ఉంది. కానీ దాని ఒక మూల విరిగిపోయింది, అసలు పొడవెంతో నాకు తెలీదు, దొరికింది కూడా ఒక్కటే.

మేడమ్‌కి అన్నీ వరసగా పేర్చి ఫొటో పెట్టా, లోపలి వైపు, బయటి వైపు, పక్క నుంచి, పై నుంచి డైమండ్ కనిపించేలా, పక్కన స్కేలు పెట్టి. "ఇప్పుడు ఎవరైనా చూసి చెప్పగలిగేలా తీశావమ్మా" అన్నారు. మొదటి రోజు పంపిన ఫొటోతో పోల్చుకుంటే నాకే తేడా తెలిసింది, అదే యాప్‌లో ఈ ఫొటోలు మళ్ళీ పెడితే ఈసారి మొదటి పేరే గ్రానోసా వచ్చింది. యాప్‌కి నేను ఇచ్చింది బోర్లా పడుకున్న గట్ల చిప్ప, అది మాత్రం ఏం చేస్తుంది.

మూడు వారాల తర్వాత మళ్ళీ నీళ్ళు బాగా తగ్గే రోజు చూసుకుని వెళ్ళా. ఈసారి చెప్పులేసుకుని, అడుగు అడుగూ చూసి వేస్తూ. బురద పైపొరలో ఎక్కడైనా చిన్న ఉబ్బు, దాని నడుమ సన్నటి చీలిక కనిపిస్తే ఆగి వంగి చూశా, ఒకటి కొంచెం బయటపడి ఉంది, గట్లూ పూసలూ తడితో మెరుస్తున్నాయి, అంచు దగ్గర సన్నగా తెరుచుకుని ఉంది, నా నీడ పడగానే మూసుకుంది. దాని గట్లు కనిపించినంత వరకు లెక్కపెట్టా, తొమ్మిది, మిగతావి బురదలో ఉన్నాయి, లాగి చూడలేదు.

పది చిప్పల డబ్బా మీద లేబుల్ రాసేశా: టెజిల్లార్కా గ్రానోసా, గట్లు 17 నుంచి 19, మెత్తటి బురద, మడ చెట్ల దగ్గర. ముప్పై దాటిన మూడింటి మీద అనడారా అని రాసి ఆపేశా, విడి చిప్పలు కాబట్టి ఎడమా కుడీ సమానమో కాదో చూసే వీల్లేదు. కాకిల్‌కి దాని డబ్బా దానికి. ఆ విరిగిన 21 గట్ల చిప్ప మాత్రం అగ్గిపెట్టెలో విడిగా ఉంది, దాని మీద టెజిల్లార్కా అన్న ఒక్క మాటే రాసి పక్కన కొంచెం ఖాళీ వదిలా. అలాంటిది విరగనిది ఇంకోటి దొరికినప్పుడు ఆ ఖాళీ నింపుతా.